ఏ మామయ్య?

మా వదిన మా అన్నయ్యని పేరు పెట్టి పిలవదు. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే అంతస్తు, వెళ్ళేది ఒకే బండి మీద. అయినా ఇంటికొచ్చేసరికి ఆవిడకి అతను "ఆయన" అయిపోతాడు. "ఆయన ఇంకా లేవలేదు", "ఆయనకి కాఫీలో చక్కెర తక్కువ వెయ్యి". ఏ ఆయన అని మా ఇంట్లో ఎవరూ అడగాల్సిన పని ఉండేది కాదు. ఇంట్లో ఇంకో మగమనిషి మా నాన్న ఉన్నాడు గానీ, ఆయన "మామయ్యగారు". "మొగుడి పేరెత్తని పెళ్ళాలు ఈ భూమ్మీద లేరనుకున్నాను వదినా, ఆఖరి మనిషిని మేమే తెచ్చుకున్నాం," అని నేను ఏడిపించేదాన్ని. "నీకూ ఒకడొస్తాడుగా, అప్పుడు చూస్తా నీ సంగతి," అనేది ఆవిడ.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. పొద్దుటినుంచి సాయంత్రందాకా పక్క సీట్లో కూర్చుని "ఆగు, ఆగు, ముందు ఆగు" అని అరవడమే నా ఉద్యోగం. అందుకేనేమో వదిన పని నాకు తొందరగా అర్థమయ్యేది. వాళ్ళ కంపెనీ నోట్స్ రాసుకునే యాప్ తయారుచేస్తుంది. ఫోన్లో తెలుగులో ఏదైనా రాసి దాచుకోవచ్చు, దిద్దుకోవచ్చు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ వదినే రాసేది. అన్నయ్య ఆ యాప్ కట్టే టీములో ఉండేవాడు.

వదిన రాసే పద్ధతి చూస్తే నవ్వొచ్చేది. "ఇక్కడ నొక్కండి" అని రాయాలంటే ముందు తను నొక్కి చూడాలి. తర్వాత నాన్న చేత నొక్కించాలి. నాన్న కళ్ళజోడు తీసేసి తప్పు చోట నొక్కితే, "అలాగే నొక్కండి మామయ్యగారూ, ఏమవుతుందో చూద్దాం" అని పక్కనే కూర్చునేది. మనుషులు ఎక్కడ తప్పు చేస్తారో తెలియకుండా సూచనలు రాయకూడదని ఆవిడ నమ్మకం. గీజరు స్విచ్ దగ్గర కూడా ఆవిడ అంటించిన చీటీ ఉంటుంది. దాన్ని చదివితే మా పక్కింటివాళ్ళు కూడా మా ఇంట్లో వేడినీళ్ళు పెట్టుకోగలరు.

అన్నయ్య దీనికి పూర్తిగా ఎదురు. చిన్నప్పటినుంచీ వాడి నోట్లో ఒకటే మాట, "కానిచ్చెయ్". పరీక్షకి సగం చదివి, "సరేలే, కానిచ్చేద్దాం" అనేవాడు. ఇల్లు మారేటప్పుడు గిన్నెలూ పుస్తకాలూ ఒకే మూటలో కట్టి "కానిచ్చెయ్" అన్నాడు. వాడి పెళ్ళిచూపులు కూడా అలాగే అయ్యాయి. పిల్లని చూసి బయటికొచ్చి నాన్నతో "కానిచ్చెయ్ నాన్నా" అన్నాడు. వాడి అదృష్టం బాగుండి ఆ పిల్ల మా వదిన అయింది.

ఇలా ఉండగా వాళ్ళ ఆఫీసులో కొత్త పని వచ్చింది. ఇకనుంచి నోట్స్ మనిషే దిద్దుకోనక్కర్లేదు, ఏఐ ఏజెంటుకి నోటితో చెబితే అదే వెతికి దిద్దిపెడుతుంది. ఆ దిద్దడానికి దాని చేతికి ఒక టూల్ ఇస్తారు. అందులో చదవడం, చేర్చడం, మార్చడం, తీసెయ్యడం ఉంటాయి. ఆ టూల్‌ని ఎలా వాడాలో ఏజెంటుకి చెప్పే డాక్యుమెంటు వదిన రాయాలి. అంటే చదివేది మనిషి కాదు.

"మనిషికైతే సగం చెబితే మిగతా సగం అర్థం చేసుకుంటాడు," అంది వదిన అన్నం తింటూ. "ఇది అర్థం చేసుకుంటుంది, కానీ తప్పుగా అర్థం చేసుకున్నా అదే ధైర్యంతో చేసేస్తుంది."

"అచ్చం అన్నయ్యలాగే," అన్నాను.

అన్నయ్య పళ్ళెంలోంచి తల ఎత్తకుండా నవ్వాడు. అప్పట్లో వాడి నవ్వంటే నాకు ఇష్టమే.

ఏజెంటుని నువ్వు అనాలా, మీరు అనాలా అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "పనిచేసేవాళ్ళని మీరు అంటే మన సొమ్మేం పోయింది?" అన్నాడు నాన్న. వదిన ఆలోచించి, "మీరు అంటే ఒకరా పదిమందా తెలీదు మామయ్యగారూ, పొరపాటు పడుతుంది, నువ్వే అంటాను," అని తేల్చింది. అప్పటినుంచి ఆ డాక్యుమెంటు మొత్తం ఇంట్లో పిల్లకి పని చెప్పినట్టు ఉండేది. "నోట్ మార్చేముందు ఒకసారి చదువు." "మార్చాల్సిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించు, నీ సొంత మాటల్లో కాదు." "తీసేసింది తిరిగిరాదు, గుర్తుంచుకో."

ఈ ఆఖరిది ఆవిడకి పెద్ద బెంగ. తీసేసిన నోట్‌ని వెనక్కి తెచ్చే ఏర్పాటు ఆ టూల్‌కి ఇంకా లేదు. పెడతామని అన్నయ్యా వాళ్ళు చెబుతూనే ఉన్నారు. అది వచ్చేదాకా కాపలాగా వదిన ఒక నియమం రాసింది. అది మా ఇంట్లోంచే పుట్టింది.

పెళ్ళైన కొత్తల్లో పక్కింటావిడ వదినకి ఫోన్ చేసి, "మీ మామయ్య మెట్ల మీంచి జారిపడ్డారు, తొందరగా రండి" అంది. వదిన ఏడుస్తూ టాక్సీ ఎక్కి ఊరికి ఆ చివరున్న మేనమామ ఇంటికి పరిగెత్తింది. అక్కడాయన తాపీగా కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఇక్కడ మా నాన్న మా మెట్ల మీద కాలు పట్టుకుని కోడలి కోసం ఎదురుచూస్తున్నాడు. ఇప్పటికీ నాన్న ఎవరికైనా వదినని పరిచయం చేసేటప్పుడు, "నేను ఈ అమ్మాయికి రెండో మామయ్యని, మొదటాయన వేరే ఉన్నాడు" అంటాడు.

వదిన రాసిన నియమం ఇది. మా అందరికీ వినిపించింది కాబట్టి నాకు నోటికొచ్చు. "మామయ్య అన్న మాట కనిపిస్తే ఒక్క మనిషే అనుకోకు. భర్త తండ్రీ మామయ్యే, తల్లి తమ్ముడూ మామయ్యే, మేనత్త భర్తా మామయ్యే. బావ, పిన్ని, అత్తయ్య కూడా ఇంతే. తీసెయ్యమన్న మాట ఒకటికంటే ఎక్కువ చోట్ల ఉంటే చెయ్యి ఆపు. ఏ మామయ్య అని అడుగు. జవాబు వచ్చేదాకా దేన్నీ తీసెయ్యకు."

"నా కాలు విరగడం ఊరికే పోలేదన్నమాట," అన్నాడు నాన్న, చాలా గర్వంగా. నాకైతే మొదటి పాఠంలో బ్రేకు ఎక్కడుందో చెప్పినట్టు అనిపించింది. అన్నయ్య కూడా బాగుందన్నాడు. నా చెవులతో విన్నాను.

డాక్యుమెంటు కింద రాసినవాళ్ళుగా వదిన పేరు పెట్టారు. మొదట కొద్దిమంది వాడకందార్లకి ఏజెంటుని ఇచ్చారు. అన్నయ్యకి టీముకి పెద్దగా బాధ్యత ఇస్తారని అనుకుంటున్న రోజులవి. ఇల్లంతా సందడిగా ఉండేది.

ఆ వాడకందార్లలో ఒకావిడ లాండ్రీ నడుపుతుంది. ఆవిడ మామగారు పోయారు. కొన్నాళ్ళయ్యాక ఆవిడ ఏజెంటుతో, "మామయ్య పోయారు, ఆయన మందులవీ డాక్టర్లవీ నోట్స్ ఇంక వద్దు, చూస్తే ఏడుపొస్తోంది, తీసెయ్" అంది. ఏజెంటు మామయ్య అన్న మాట ఎక్కడెక్కడుందో వెతికి అన్నీ తీసేసింది. ఆవిడకి ఇంకో మామయ్య ఉన్నాడు. తల్లి తమ్ముడు. ఆవిణ్ణి పెంచింది ఆయనే. ఆయనకిప్పుడు మతిమరుపు జబ్బు. ఏ పాట పెడితే అన్నం తింటాడో, ఎవరిని చూస్తే భయపడతాడో, కళ్ళజోడు ఎక్కడ దాస్తాడో, ఆవిడ చిన్నప్పటి ఏ మాట గుర్తుచేస్తే ఒక్క క్షణం ఆవిణ్ణి పోల్చుకుంటాడో అన్నీ ఆవిడ ఎన్నాళ్ళుగానో రాసుకుంటూ వచ్చింది. పనివాళ్ళు మారినప్పుడల్లా ఆ నోట్సే చదివి ఆయన్ని చూసుకునేవాళ్ళు. అవన్నీ పోయాయి.

ఆవిడ ఆఫీసుకే వచ్చింది. అరవలేదట. రిసెప్షన్లో కూర్చుని, "తిరిగి తెప్పించండి" అని మాత్రం అందట. తెప్పించడానికి ఏమీ లేదు.

కంపెనీ నడిపే మేడమ్ అందరినీ గదిలోకి పిలిచింది. ఇది వదిన నాకు తర్వాత చెప్పిన మాట. "అనుమానం వస్తే ఆగమని ఏజెంటుకి రాయలేదా?" అని మేడమ్ అడిగింది. "రాశానండి," అంది వదిన. మేడమ్ తన ముందున్న కంప్యూటర్లో డాక్యుమెంటు మొత్తం చూసింది. "ఎక్కడ? ఇందులో లేదే," అంది. వదిన తెల్లమొహం వేసింది. పక్కనే మా అన్నయ్య కూర్చున్నాడు. మంచినీళ్ళ సీసా మూత బిగిస్తూ, తీస్తూ, మళ్ళీ బిగిస్తూ ఉన్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. విచారణ అయ్యేదాకా వదినని ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆఫీసు కంప్యూటరు అక్కడే తీసేసుకున్నారు.

ఆ తర్వాత వదిన తననే తను తవ్వుకోవడం మొదలెట్టింది. వంటింట్లో నిలబడి హఠాత్తుగా, "నేను నిజంగా రాశానా? మీకు చదివి వినిపించాను కదా? లేకపోతే వినిపించి, అందులో పెట్టడం మర్చిపోయానా?" అని అడిగేది. "వినిపించావు వదినా, నాకు నోటికొచ్చు," అంటే, "వినిపించడం వేరు, పెట్టడం వేరు," అనేది. గీజరు చీటీని కూడా మళ్ళీ చదివి చూసుకుంది, అందులో ఏమైనా తప్పుందేమోనని. ఎప్పుడూ తప్పు చెయ్యని మనిషి కాదు. కానీ తను చేసింది తనకి గుర్తుండని మనిషి మాత్రం కాదు. ఆ నమ్మకమే పోయింది ఆవిడకి.

అన్నయ్య ఏం చేశాడో తెలుసా? ఓదార్చాడు. సాయంత్రాలు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "పొరపాట్లు అందరికీ జరుగుతాయిలే, నువ్వు మరీ మనసులో పెట్టుకోకు," అన్నాడు. వదిన ఆ చేతిని పట్టుకుని ఏడ్చింది. నేను చూశాను. ఎంత మంచి మొగుడు అనుకున్నాను కూడా. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం పొద్దున వదిన తన సొంత ఫోన్ తీసింది. అందులో ఆఫీసువాళ్ళందరిలాగే ఆవిడకీ ఆ యాప్ ఉంది, ఏజెంటూ ఉంది. ఉత్తుత్తి నోట్స్ రాసి పెట్టింది. ఒకటి మా నాన్న మీద, ఒకటి వాళ్ళ మేనమామ మీద. తర్వాత, "మామయ్య నోట్ తీసెయ్" అంది. రెండూ పోయాయి.

"ఏ మామయ్య అని నన్ను ఎందుకు అడగలేదు?" అని అడిగింది.

అది దాచలేదు. దాచమని ఎవరూ చెప్పినట్టు లేదు. మర్యాదగానే చెప్పింది. "అలా అడగమని నాకిచ్చిన సూచనల్లో లేదండి. ఈ సందర్భానికి ఉన్న సూచన ఇది: ఒకే మాట చాలా చోట్ల ఉంటే అడగకుండా అన్ని చోట్లా కానిచ్చెయ్."

వదిన దాన్ని గట్టిగా చదివింది. నాన్న పేపరు మడిచి నవ్వేశాడు. "కానిచ్చెయ్ ఏంటే, మనవాడిలా మాట్లాడుతోంది?" అన్నాడు.

తర్వాత ఆయన నవ్వు ఆగిపోయింది. నేను వదిన మొహం చూశాను. ఆవిడ జన్మలో కానిచ్చెయ్ అని రాయదు. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ ఆ సంగతి ఒకేసారి తెలిసింది.

అన్నయ్య అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. వదిన లేవలేదు.

"మీరు మార్చారా?" అంది.

"ఏది?" అన్నాడు. తర్వాత ఫోన్ చూశాడు, మా మొహాలు చూశాడు. "కంపెనీలో డబ్బు పెట్టేవాళ్ళకి ఏజెంటుని చూపించే డెమో రోజు పొద్దున ట్రయల్ వేస్తే, ప్రతిదానికీ ఆగి అడుగుతోంది. ఏ అక్క, ఏ బావ అని. మేడమ్ చూస్తే నవ్వుతుందనుకున్నా. పెద్దవాళ్ళ ముందు అలా అయితే పరువుపోతుందని… అప్పటికి మార్చాను. డెమో అయ్యాక మళ్ళీ పెడదామనుకున్నా. మర్చిపోయా."

"సరే, మర్చిపోయారు. ఆ గదిలో మేడమ్ అడిగినప్పుడు గుర్తురాలేదా?"

వాడు తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "చూడు, ఇద్దరికీ అక్కడే ఉద్యోగం. ఎవరో ఒకరు మిగలాలి కదా. నీకైతే ఇంకో చోట ఇట్టే దొరుకుతుంది. నీ మీద వాళ్ళకి జాలి ఉంది, నా మీద ఉండదు."

"ఛీ, నీ బతుకు!" అన్నాను నేను. "నీ తప్పుకి ఆవిణ్ణి ఏడిపించి, నువ్వే కళ్ళు తుడుస్తావా?" నాన్న నన్ను ఆపలేదు. ఆయన వాడి వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

వదిన మాత్రం గొంతు పెంచలేదు. "నాకు ఉద్యోగం అక్కర్లేదండి," అంది. "ఆ వాక్యం నేను రాశానని, తీసింది మీరని ఒక్కసారి చెప్పండి. మేడమ్‌కి చెప్పండి, ఆ లాండ్రీ ఆవిడకి చెప్పండి. అంతే."

"నువ్వే వెళ్ళి చెప్పెయ్ వదినా," అన్నాను ఆత్రం ఆపుకోలేక.

"నేను చెబితే మొగుడి మీదకి తోసేస్తోంది అంటారు. ఆయన నోటితోనే రావాలి."

అన్నయ్య చెబుతానన్నాడు. తల మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు. సోమవారం సాయంత్రం వచ్చి, మేడమ్ ఊళ్ళో లేదన్నాడు. ఇంకో రోజు, మేడమ్ చిరాగ్గా ఉందన్నాడు. వదిన ప్రతి సాయంత్రం గుమ్మం దగ్గర వాడి మొహం చూసేది. అడిగేది కాదు. వాడు చెప్పులు విడిచే తీరులోనే జవాబు దొరికేది.

ఒకరోజు వదిన మళ్ళీ ఫోన్ తీసి, మళ్ళీ ఉత్తుత్తి నోట్స్ రాసి, "మామయ్య నోట్ తీసెయ్" అంది. ఏజెంటు ఆగింది. "ఏ మామయ్య అండి? మీ మామగారా, మీ మేనమామగారా?" అని అడిగింది.

వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. "పెట్టేశారు!" అంది. చాలా రోజులకి ఆవిడ మొహంలో వెలుగు చూశాను. "నేను రాసిందే, అచ్చంగా. అంటే ఆయన చెప్పేశారు. చెప్పకుండా ఎలా పెడతారు? సిగ్గుపడి నాకు చెప్పలేదంతే." నా చేతులు పట్టుకుని, "అనవసరంగా తిట్టావు ఆయన్ని," అని కూడా అంది.

మేడమ్ ఫోన్ వచ్చింది అదే మధ్యాహ్నం. నేను పాఠానికీ పాఠానికీ మధ్య భోజనానికి వచ్చి ఉన్నాను. వదిన తడి చేతులతో ఉండి ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"ఎలా ఉన్నావమ్మా?" అంది మేడమ్. చాలా ఆప్యాయంగానే అంది. "నీ మీద మాకేం కోపం లేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి వదిలేస్తాం. మీవారు చాలా బాగా పట్టుకున్నారు. నువ్వు వదిలేసిందేంటో కనిపెట్టి, ఆ మామయ్య ఉదాహరణ ఎంత చక్కగా రాశారనుకున్నావు! మీ నాన్నగారు, అదే మీ మామగారు, పడిపోయిన కథ చెప్పి మమ్మల్నందరినీ నవ్వించారు కూడా. ఇకనుంచి డాక్యుమెంట్లు కూడా ఆయన కిందే ఉంటాయి. కింద ఆయన పేరే పెట్టించాను. నువ్వేం దిగులు పెట్టుకోకు, ఇంట్లో అంత తెలివైన మనిషి ఉన్నారు."

వదిన "అలాగేనండి" అంది. ఫోన్ పెట్టేసింది. కొళాయి కట్టెయ్యడం మర్చిపోయింది, నేను కట్టేశాను. నాకు తిట్లు కూడా రాలేదు. వాక్యం తీసేసినప్పుడు భయపడ్డాడనుకోవచ్చు, నోరు మెదపనప్పుడు పిరికివాడనుకోవచ్చు. దొంగిలించి తిరిగి పెట్టినప్పుడు దాని మీద తన పేరు రాసుకున్నవాణ్ణి ఏమనాలో నాకు తెలీలేదు. వాడు నా సొంత అన్నయ్య.

ఆ సాయంత్రం వాడు వచ్చాడు. వదిన అన్నం పెట్టింది. గొడవ పడలేదు. నాకు కూర గిన్నె అందిస్తూ, "ఇంకాస్త మీ అన్నయ్యకి వెయ్యి," అంది. నేను ఆవిడ వైపు తిరిగి చూశాను. పెళ్ళైనప్పటినుంచీ ఆవిడ నోటి వెంట ఆ మాట ఎప్పుడూ వినలేదు. వాడు గమనించలేదు, తినేశాడు. మర్నాడూ అంతే. "మీ అన్నయ్య లేచాడా?" "మీ అన్నయ్య చొక్కా ఇస్త్రీకి ఇచ్చావా?" ఆయన అన్న మాట మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

వదిన ఆఫీసుకి మళ్ళీ వెళ్ళలేదు. లాండ్రీ ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళింది. తలుపు తీసినావిడతో, "మీ నోట్స్ పోవడంలో మా ఇంటివాళ్ళ చెయ్యి ఉంది" అని చెప్పిందట. ఆవిడ చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టి, తర్వాత లోపలికి రమ్మంది. అప్పటినుంచి వదిన రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆ పెద్దాయన దగ్గర కూర్చుంటుంది. ఏ పాట పెడితే తింటాడో మళ్ళీ మొదటినుంచి తెలుసుకుంటోంది. తను చేసి చూడందే రాయదు కదా, ఒక్కొక్కటీ చేసి చూసి రాస్తోంది. ఎక్కువగా ఆయన ఈవిణ్ణి చూసి భయపడి మొహం తిప్పుకుంటాడట.

మొన్న నేను కారు కడుగుతుంటే వదిన గేటు తీసుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆయన ఇవాళ నా చెయ్యి పట్టుకున్నారు! నీకు చాలా అన్యాయం జరిగిందమ్మా అన్నారు," అంది.

ఎన్నాళ్ళకో ఆవిడ నోట "ఆయన" అన్న మాట విన్నాను. వాడికి బుద్ధొచ్చిందని, మా ఇల్లు మళ్ళీ మా ఇల్లు అయిందని సంబరపడిపోయాను.

"అన్నయ్యేనా వదినా?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా వంక అర్థం కానట్టు చూసింది. "కాదు," అంది. "ఆ మామయ్యగారు. నేనెవరో ఆయనకి తెలీదు, ఎవరనుకుని అన్నారో కూడా తెలీదు. కానీ అన్నారు."

తర్వాత లోపలికి వెళ్ళి, ఆ మాట రాసుకుంది.